నిద్ర లేపే అర ఇంచు గాటు



పోయిన వారం మేము రోడ్డు మీద మిషిన్ పక్కన నిలబడ్డ ఫోటో పెట్టినం. చానామంది "అన్నా, అదేం మిషిన్? కొత్త రోడ్డును ఎందుకు కోస్తున్నరు? మంచి డాంబర్ పాడుచేస్తున్నరు గదా" అని అడిగిన్రు. ఇయ్యాల శుక్రవారం, డ్యూటీ లేదు. బట్టలు ఉతుకుడు అయింది, కూర పొయ్యి మీద ఉంది. అందుకే కూసొని వివరంగా రాస్తున్నం. పోస్టు పొడుగైతది, ఓపికతోని చదవండి. మిషిన్ల పనికి వచ్చే తమ్ముళ్ళు మాత్రం ఆఖరి దాకా చదవాలె. చేతుల సంగతి ఉంది.

మా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల జిల్లా. చదివింది పదో తరగతి. ఇక్కడ సౌదీల రోడ్డు పనికి సూపర్‌వైజర్. మా గ్యాంగు ఆరుగురం. ఇద్దరం తెలుగోళ్ళం, ఇద్దరు నేపాలీ తమ్ముళ్ళు, ఊడ్చే బండి నడిపే బెంగాలీ అన్న, మిషిన్ మీద కూసునే పఠాన్ ఉస్తాద్. ఇది ఒక్కని పని కాదు, అందుకే "మేము" అనే రాస్తం.

ముందు ఆ గాట్లు ఏందో చెప్తం. మన దగ్గర రంబుల్ స్ట్రిప్ అంటే 44 నంబర్ హైవే మీద, ఊరు రాకముందు, రోడ్డుకు అడ్డంగా వేసిన తెల్లటి మందపు గీతలు. బండి దడదడలాడుతది, డ్రైవర్ స్పీడ్ తగ్గిస్తడు. అవి రోడ్డు మీదికి లేచి ఉంటయి. మేము చేసేవి దానికి ఉల్టా. రోడ్డు అంచు గీతకు అవతల, షోల్డర్ మీద, డాంబర్ లోపలికి కోస్తం. స్పీడ్ తగ్గించేందుకు కాదు. సక్కగా నడిపేటోనికి అవి ఉన్నట్టు కూడా తెల్వదు. నిద్రల గీత దాటినోని టైరుకే తగులుతయి. తగిలితే గుర్ర్‌ర్ అని చప్పుడు, స్టీరింగ్ వణుకు. మనిషి ఉలిక్కిపడి లేస్తడు.

ఇది కొత్త ఉపాయం కాదు. 1950ల దశకంల అమెరికాల న్యూజెర్సీ రాష్ట్రంల గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే రోడ్డుకు కాంక్రీట్ అంచును అలలు అలలుగా పోసిన్రు. టైరు ఎక్కితే పాడినట్టు చప్పుడు వచ్చేది. తర్వాత రోలర్‌కు ఇనుప పైపులు అతికించి, డాంబర్ వేడిగా ఉన్నప్పుడే ఒత్తి గుంటలు చేసేటోళ్ళు. దాంతోని రెండు తిప్పలు. డాంబర్ చల్లబడ్డంక గుంట సరిగ్గా పడదు, పాత రోడ్డుకైతే ఆ పనే కాదు. కోసే మిషిన్ వచ్చినంక ఆ తిప్పలు పోయినయి. పాత రోడ్డయినా కొత్త రోడ్డయినా ఒకటే తీరు గాటు, అంచు కూడా పదునుగా ఉంటది. చప్పుడు కూడా ఒత్తిన దానికంటె గట్టిగా వస్తది.

మా డ్రాయింగుల కొలతలు ఇవి. గాటు రోడ్డుకు అడ్డంగా 400 మిల్లీమీటర్లు, బండి పోయే దిక్కున వెడల్పు 180, నడుమ లోతు 13. ఒక గాటు నుంచి ఇంకో గాటుకు 300. లోతు అర ఇంచే. మన చిటికెన వేలు మందం. అంత చిన్న గాటుతోని ఏమైతది అనుకోకండి, లెక్క చూడండి. కిలోమీటరుకు 3,333 గాట్లు. బండి 120 స్పీడ్‌ల పోతే సెకనుకు 33 మీటర్లు దాటుతది, అంటే ఒక్క సెకనుల టైరు 111 గాట్లు కొట్టుకుంటది. అన్ని దెబ్బలు కలిసి ఒక మోత అయితది. ఏసీ నడుస్తున్నా, పాటలు పెట్టుకున్నా ఆ మోత కూసున్న సీట్ల నుంచి నడుముకు తెలుస్తది.

ఇక్కడ రోడ్లు ఎట్లుంటయో చూడనోళ్ళకు చెప్పాలె. హరద్ నుంచి బత్హా దిక్కు పోయే 10 నంబర్ హైవే ఉంది. రమారమి 240 కిలోమీటర్లు వంపు లేకుండా సక్కగా గీత గీసినట్టు పోతది. చెట్టు లేదు, ఊరు లేదు. రెండు దిక్కుల ఇసుక. అసొంటి రోడ్డు మీద నిద్ర రాదు అన్నోడు అబద్ధం చెప్తున్నట్టే.

రెండేండ్ల కింద మేమే దమ్మాం నుంచి రియాద్‌కు వ్యాన్‌ల వస్తున్నం. నాలుగు వందల కిలోమీటర్ల దారి. రాత్రి మూడు అయితున్నది. వెనుక అందరం తలకాయలు వేలాడేసి పడుకున్నం. డ్రైవర్ మన తెలుగు తమ్ముడే, పొద్దుగాల నాలుగింటికి లేచి అప్పటి సంది బండి మీదనే ఉన్నడు. గుర్ర్‌ర్ అని మోత వచ్చింది. అందరం ఒక్కసారి లేసినం. అప్పటికే ఎడమ చక్రాలు రోడ్డుకు ఎక్కుతున్నయి, తమ్ముడు తిప్పుకున్నడు. పది నిమిషాలకు పెట్రోల్ బంకు వచ్చింది. బండి ఆపి మొఖం కడుక్కొని వచ్చి నిలబడ్డడు. "అన్నా, ఎప్పుడు కన్ను పడ్డదో తెల్వలే" అన్నడు. ఎవ్వరం ఒక్క మాట అనలేదు. చాయ్ తాగినం. ఆయన వెనుక సీట్ల పడుకున్నడు, లైసెన్స్ ఉన్న ఇంకొకరు నడిపిన్రు. ఆ గాట్లు ఎవరు కోసిన్రో మాకు తెల్వదు. మా అసొంటి గ్యాంగే ఏదో ఒకటి, ఏ రాత్రో టేపు పట్టి కొలిచి కోసి ఉంటది.

ఇగ మిషిన్ సంగతి. ఊర్లె జేసీబీ చూడని పిల్లగాడు లేడు. దాని చెయ్యి మీద మెరిసే ఇనుప కడ్డీలు లోపలికి బయటికి పోతుంటయి గదా, అదే హైడ్రాలిక్. మన బడిల పాస్కల్ నియమం అని చదివినం. మూసి ఉన్న నూనెను ఒక దగ్గర ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమానంగా పోతది. పరీక్షల రాసి మరిచిపోయినం. ఇక్కడికి వచ్చినంక రోజూ అదే నియమం చేతిల ఉంది.

మిషిన్‌ల డీజిల్ ఇంజన్ పంపును తిప్పుతది. పంపు ట్యాంకుల నూనెను గుంజి హోసు పైపులకు తోస్తది. నడుమ వాల్వులు ఉంటయి, అవి కాలువకు తూము అసొంటివి. ఏ దిక్కు తెరిస్తే నూనె ఆ దిక్కు పోతది. ఒక దారి కోసే డ్రమ్మును తిప్పే మోటారుకు, ఇంకో దారి డ్రమ్మును లేపి దించే సిలిండర్‌కు. పని చేసిన నూనె ఫిల్టర్‌ల నుంచి, కూలర్‌ల నుంచి మళ్ళ ట్యాంకుకు వస్తది.

రెండు మాటలు యాదికి పెట్టుకుంటే హైడ్రాలిక్ సగం వచ్చినట్టే. ఒత్తిడి బలం ఇస్తది, పారకం వేగం ఇస్తది. ఒత్తిడి 200 బార్ అనుకోండి. అంటే చదరపు సెంటీమీటరుకు రమారమి 200 కిలోల తోపు. పది చదరపు సెంటీమీటర్ల పిస్టన్, అంటే చాయ్ గ్లాసు అడుగు కంటె చిన్నది, రెండు టన్నులు లేపుతది. అదే 200 బార్ మీద నిమిషానికి 120 లీటర్ల నూనె మోటారుకు పోతే 40 కిలోవాట్ల శక్తి, 50 హార్స్ పవర్ దాటుతది. డాంబర్‌ను, దాంట్ల ఉన్న కంకరను నమిలేది ఆ శక్తే.

డ్రమ్ము మీద పళ్ళు ఉంటయి. ఒక్కొక్క పన్ను కొసకు టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క. పళ్ళు ఒక్క వరుసల ఉండవు, మెలిక తిరిగి ఉంటయి. అన్నీ ఒకేసారి తగిలితే మిషిన్ ఎగిరెగిరి పడతది, మెలికల ఉంటే ఒకదాని వెనుక ఒకటి కోస్తయి. పన్ను తన గూటిల తిరుగుతుండాలె. తిరిగితే చుట్టూత సమానంగా అరుగుతది. డాంబర్ పొడి పట్టి బిగుసుకుంటే ఒకే దిక్కు అరిగి బల్లపరుపు అయితది. అందుకే నీళ్ళు కొడుతరు. పళ్ళు చల్లగా ఉంటయి, దుమ్ము లేవదు. ఆ దుమ్ముల సిలికా ఉంటది, ఊపిరితిత్తులకు పోతే మళ్ళ బయటికి రాదు. నీళ్ళ ట్యాంకు ఖాళీ అయితే మా దగ్గర పని ఆగుతది.

మరి గాటు గాటుకు 300 సందు ఎట్ల వస్తది? రెండు తీర్ల మిషిన్లు ఉన్నయి. ఒక తీరుల సిలిండరే ప్రతి గాటుకు డ్రమ్మును దించి లేపుతది. దూరం కొలిచే చక్రం చూసి వాల్వు తెరుచుకుంటది. ఇంకో తీరుల గుండ్రం తప్పిన చక్రం ఉంటది. ఎడ్లబండి చక్రానికి అక్కడక్కడ మిట్టలు ఉన్నయి అనుకోండి. మిట్ట కిందికి వస్తే బండి లేస్తది, మిట్ట దాటితే దిగుతది. మన మిషిన్‌ల డ్రమ్ము ఆ చక్రంతోనే లేచి దిగుతది. చక్రం చుట్టుకొలత 1,200 ఉండి నాలుగు మిట్టలు ఉంటే, ఒక చుట్టుకు నాలుగు గాట్లు, సందు 300. మిషిన్ ఆగే పని లేదు, నడుస్తూనే కోస్తది. సిలిండర్ పని అప్పుడు తలను కిందికి బలంగా అదిమి పట్టుడు. వంతెన వచ్చినా, జాయింటు వచ్చినా ఉస్తాద్ లివర్ గుంజుతడు, తల మొత్తం లేస్తది. వంతెన మీద కోయొద్దు, స్లాబు పాడైతది.

మా ఇంజనీర్ సాబ్ ఒక ఉపాయం నేర్పిండు, అది అందరికీ చెప్తం. డ్రమ్ము గుండ్రం గదా, గాటు కూడా గిన్నె అంచు తీరు గుండ్రంగా పడతది. అందుకే వెడల్పు కొలిస్తే లోతు తెలుస్తది. మా డ్రమ్ము సగం కొలత 300. వెడల్పు 180 వస్తే లోతు 13 దాటి ఉన్నట్టు. వెడల్పు 150 వస్తే లోతు 9న్నర. 140 వస్తే 8 చిల్లర మాత్రమే. చూపుకు 180కి 140కి పెద్ద ఫరక్ కనబడదు, లోతు మాత్రం మూడో వంతుకు పైన పోయింది. లోతు తగ్గితే మోత తగ్గుతది. పెద్ద టైరు ట్రైలర్ అయితే దాటినట్టే తెల్వదు. ఆ ట్రైలర్ల మీద ఎందరు మనోళ్ళు ఉన్నరో అందరికీ ఎరుకే.

పోయిన ఎండకాలం ఇదే సంగతి మీద లొల్లి అయింది. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండల పని బంద్, అది సర్కారు కానూన్. అందుకే మా పని రాత్రి. రాత్రి అన్నా గాలి వేడిగానే ఉంటది. ట్యాంకుల నూనె 80 డిగ్రీలు దాటింది. నూనె వేడెక్కితే నీళ్ళ తీరు పలుచనైతది. పలుచనైతే పంపుల, మోటారుల సందుల నుంచి లోపల్నే జారిపోతది. పైకి ఒక్క చుక్క కారదు, బలం మాత్రం పోతది. డ్రమ్ము మొరాయిస్తున్నది, రిలీఫ్ వాల్వు కీచుమంటున్నది. టేపు పెట్టి చూసినం. 140.

రిలీఫ్ వాల్వు అంటే ప్రెషర్ కుక్కర్ సీటీ అసొంటిది. ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకొని నూనెను ట్యాంకుకు పంపుతది, పైపులను కాపాడుతది. ఆ రాత్రి పని తొందర పెట్టే ఒకాయన వచ్చి "దాన్ని రెండు చుట్లు బిగించున్రి, బలం వస్తది. ఎట్లన్న కనబడుతున్నది గదా గాటు, ఎవడు కొలుస్తడు" అన్నడు. సీటీకి గుడ్డ కట్టి అన్నం వండుమన్నట్టు ఉంది ఆ మాట. ఉస్తాద్ తాళం తీసి జేబుల వేసుకున్నడు. "నా మిషిన్ మీద పానా పెట్టనియ్య" అన్నడు. మేము కూడా ఒకటే చెప్పినం. "సార్, క్యాంపు వ్యాన్ ఇదే రోడ్డు మీద పోతది. మేమే దాంట్ల పడుకుంటం." ఆయన కోపంతోని పోయిండు.

కూలర్ విప్పి చూస్తే రెక్కల నడుమ దుమ్ము, డాంబర్ పొట్టు గట్టిగా పేరుకొని ఉంది. గాలి ఆడకుంటే నూనె ఎట్ల చల్లబడతది? కడిగినం. పళ్ళు చూసినం, పదకొండు బల్లపరుపు అయినయి, మార్చినం. మరునాటికి నూనె కూడా మార్పించినం. డబ్బా మీద 46, 68 అని అంకె ఉంటది, 40 డిగ్రీల దగ్గర నూనె ఎంత చిక్కగా ఉంటదో చెప్పే అంకె అది. మిషిన్ పుస్తకంల వేడి దేశానికి 68 అని రాసి ఉంది, స్టోరోళ్ళు 46 పంపిన్రు.

తక్కువ లోతు పడ్డది ఆరు వందల మీటర్లు. మళ్ళ కోసుడు మొదలు కోసినదానికంటె కష్టం. పాత గాటు మీదనే పన్ను పడాలె. రెండు ఇంచులు తప్పితే నడుమ ఉన్న డాంబర్ ఇరిగి, గాట్లన్నీ కలిసి పొడుగు గుంట అయితది. ఇద్దరు నేపాలీ తమ్ముళ్ళు చాక్‌పీసుతోని ఒక్కొక్క గాటుకు గుర్తు పెట్టుకుంట పోయిన్రు, ఉస్తాద్ చీమ నడకల నడిపిండు. రెండు రాత్రులు పట్టింది. ఆ నెల మా ఓవర్‌టైంల కోత పడ్డది. పడనీ. కన్సల్టెంట్ మనిషి వచ్చి కొలిస్తే ఎక్కడ పెట్టినా 13కు తగ్గలేదు.

ఇప్పుడు చేతుల సంగతి. తమ్ముళ్ళూ, ఇది మంచిగా చదవండి.

కారు టైరుల గాలి రమారమి 2 బార్ ఉంటది. హోసు పైపుల 200 బార్. నూరంతలు. పైపుకు సూది మొనంత రంధ్రం పడితే, ఆ నూనె ధార గ్లౌజును, తోలును చీల్చుకొని లోపలికి పోతది. కంటికి ధార కనబడకపోవచ్చు, పొగ తీరు ఉంటది. మా పక్క క్యాంపుల మన దిక్కు తమ్ముడే ఒకడు, ఇరవై మూడేండ్లు, పైపు చెమ్మగిల్లిందని చేతితోని తుడిచిండు. చీమ కుట్టినట్టు అయింది అన్నడు. వేలి మీద చిన్న చుక్క, నెత్తురు కూడా రాలే. క్యాంపు క్లినిక్‌ల పట్టీ వేసి, నొప్పి గోళీ ఇచ్చి పంపిన్రు. అర్ధరాత్రికి చెయ్యి మోచేయి దాకా ఉబ్బింది. పెద్దాసుపత్రికి పోయేసరికి ఆలస్యమైంది, చూపుడు వేలు తీసేసిన్రు. రిపోర్టుల "వేలికి చిన్న దెబ్బ" అని రాసి ఉందట. వాడు ఇప్పుడు ఊర్లె ఉన్నడు. వరి కోతల టైంకు ఫోన్ చేస్తే "అన్నా, కొడవలి పట్టు కుదురుత లేదు" అన్నడు.

అందుకే మా గ్యాంగుల కొన్ని కట్టుబాట్లు ఉన్నయి.

పైపు కారుతున్నదా అని చూడాలంటే చెయ్యి పెట్టొద్దు. అట్టముక్క అడ్డం పెట్టాలె. మా మిషిన్ మీద ఎప్పుడూ ఒక అట్టముక్క ఉంటది.

పైపు విప్పేముందు ఇంజన్ బంద్ చెయ్యాలె, డ్రమ్మును నేల మీద ఆనించాలె, లివర్లు అటు ఇటు ఆడించి లోపల మిగిలిన ఒత్తిడి తీసెయ్యాలె. ఇంజన్ ఆగితే ఒత్తిడి పోయింది అనుకునేటోడే దెబ్బ తింటడు.

లేచి ఉన్న డ్రమ్ము కిందికి చెయ్యి, తల పోవద్దు. సిలిండర్ నూనె మీద నిలబడ్డది. పైపు పగిలితే అది మనిషి కోసం ఆగదు. ఇనుప పిన్ను వేసినంకనే పళ్ళు మార్చాలె.

నూనె ధార తగిలితే, నొప్పి లేకున్నా సరే, ఎవ్వరినీ అడగకుండ పెద్దాసుపత్రికి పోవాలె. "హై ప్రెషర్ ఆయిల్ ఇంజెక్షన్" అనే మాట కంఠస్థం చేసుకోండి, డాక్టర్‌కు అదే చెప్పండి. నూనె డబ్బా ఫోటో చూపించండి. పిసకొద్దు, పట్టీ కట్టి పడుకోవద్దు. దానికి ఆపరేషన్ చేసి కడగాలె, గంటలు లెక్క. ఫోర్‌మన్ వద్దన్నా పోండి. నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది.

ఇక డ్రైవర్ అన్నలకు. గాట్ల మోత వింటే స్టీరింగ్ జట్కన గుంజకండి. నిద్రల లేచి గుంజితేనే బండి పల్టీ కొడతది. రెండు చేతుల గట్టిగా పట్టి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, మెల్లగా రోడ్డు మీదికి తెచ్చుకోండి. తర్వాత వచ్చే బంకుల ఆపి అర్ధగంట పడుకోండి. ముదీర్ తిడితే తిట్టనీయండి. మొఖం కడుక్కున్న నీళ్ళు ఎక్కువసేపు పని చెయ్యవు, కునుకు తీస్తనే నిద్ర తీరేది. మేము కోసిన గాట్లు మిమ్ముల లేపుతయి, నిద్ర మాత్రం తీర్చవు.

"మంచి రోడ్డు పాడుచేస్తున్నరు" అన్న అన్నకు ఇదే మా జవాబు. సౌదీకైనా, దుబాయికైనా, మస్కట్‌కైనా వచ్చిన తమ్ముళ్ళు రోడ్డు అంచు మీద ఆ గాట్లు చూస్తే ఒకసారి దిగి వేలు పెట్టి చూడండి. చిటికెన వేలు మందం మునిగితే ఎవరో పని సక్కగా చేసిన్రు అనుకోండి.

కూర మాడు వాసన వస్తున్నది, లేస్తున్నం. మిషిన్ పనికి కొత్తగా వచ్చే తమ్ముడు మీ ఇంట్ల, మీ ఊర్లె ఉంటే ఈ పోస్టు చదివి వినిపించండి. అందరు పైలంగ ఉండండి.